సిడ్నీకి చిన్నపిల్లలతో వస్తున్నారా? మొదటి ఇల్లు ఎక్కడ తీసుకోవాలంటే...

మా చిన్నాన్న కొడుకు కిందటి నెల హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. సిడ్నీలో ఉద్యోగం వచ్చిందట, ఏడాదికి 1,30,000 డాలర్లు. వాడు, మా మరదలు, మూడేళ్ల పాప, పది నెలల బాబు, నలుగురూ రావాలి. అప్పటికే ఎక్సెల్ షీటు కూడా వేసేశాడు, అందులో ఇంటి అద్దె 650 అని రాసి పక్కన ‘నెలకి’ అని పెట్టుకున్నాడు. “ఒరేయ్, అది వారానికిరా” అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత “అక్కా, మళ్ళీ చేస్తా” అని పెట్టేశాడు.

నవ్వాను గానీ, ఎనిమిదేళ్ల కిందట మేమూ అచ్చం అదే తప్పు చేశాం. ఇక్కడ అద్దె అంతా వారం లెక్కే. పైగా వారానికి 650 అంటే నాలుగుతో గుణించి నెలకి 2,600 అనుకుంటారు, అదీ కాదు, ఏడాదికి 52 వారాలు కాబట్టి నెలకి 2,800 దాటుతుంది. ఆ తేడా నాకు మూడో నెలలో తెలిసింది, అదీ బ్యాంకు ఖాతా చూసుకున్నప్పుడు.

అప్పటి నుంచి వాడూ నేనూ వారానికి రెండుసార్లైనా మాట్లాడుకుంటున్నాం. వెస్ట్‌మీడ్ మంచిదా స్కోఫీల్డ్స్ మంచిదా, ఫ్లాటా ఇల్లా, అసలు సిడ్నీ ఎందుకు మెల్‌బోర్న్ పోకూడదా, అందరం ఒకేసారి రావాలా... ఇవే ప్రశ్నలు ఇంకో పదిమంది కూడా అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, నచ్చకపోతే మిగతాది చదవక్కర్లేదు: చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళు మొదటి ఏడాది ఇల్లు వెతికేటప్పుడు అద్దెని మూడో స్థానంలో పెట్టాలి. ముందు చూడాల్సింది, ఇంట్లో ఉండే మనిషి కారు లేకుండా పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళగలదా అని. రెండోది చైల్డ్‌కేర్‌లో సీటు. ఈ రెండూ చూడకుండా అద్దె ఒక్కటే చూసి దూరం వెళ్ళిపోయిన వాళ్ళలో మేమూ ఉన్నాం.

జీతం సంగతి ముందు తేల్చుకోండి

1,30,000 అని వాడు చెప్పగానే నేను అడిగింది, అది సూపర్ కలిపా, కలపకుండానా? సూపర్ అంటే మన పీఎఫ్ లాంటిది, కంపెనీ మీ పేరున వేసే రిటైర్మెంటు డబ్బు, 2025 జులై నుంచి జీతంలో 12 శాతం. ఆ డబ్బు మీదే, కానీ సాధారణంగా ముసలితనం దాకా చేతికి రాదు. ఆఫర్ లెటర్‌లో ‘ప్యాకేజీ’ అని ఉంటే సాధారణంగా సూపర్ అందులోనే కలిపేసి ఉంటుంది.

2025-26 పన్ను రేట్ల ప్రకారం లెక్క వేసి చూపిస్తా. సూపర్ కాకుండా 1,30,000 అయితే పన్ను, 2 శాతం మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య పథకం) లెవీ పోను చేతికి వారానికి దగ్గర దగ్గర 1,875 డాలర్లు. సూపర్ కలిపి 1,30,000 అయితే అసలు జీతం 1,16,000 చిల్లరే, చేతికి వచ్చేది వారానికి 1,695. అంటే వారానికి 180 తేడా, నెలకి దాదాపు 800. ఇంకో గది ఉన్న ఇల్లు వస్తుంది ఆ డబ్బుకి. మావాడిది సూపర్ కలిపిన ప్యాకేజీయే అని తర్వాత తేలింది. మెయిల్ పెట్టి అడిగితే కొంచెం పెంచారు కూడా, అడక్కపోతే ఎవరూ పెంచరు.

ఇంకోటి, డాలర్‌ని అరవైతో గుణించడం విమానం ఎక్కిన రోజే ఆపేయండి. కాఫీ తాగినప్పుడల్లా గుణించుకుంటూ కూర్చుంటే మనశ్శాంతి ఉండదు. ఇక్కడి జీతంలో ఇక్కడి ఖర్చు ఎంత శాతం అన్నదే చూడండి.

482 వీసానా, పీఆరా: ఇల్లు దీన్నిబట్టే

చాలామంది ఊళ్ళ పేర్లు పోల్చుకుంటారు గానీ వీసా పక్కన పెట్టేస్తారు. మీ దగ్గర పీఆర్ (శాశ్వత నివాస వీసా) ఉంటే దిగిన రోజు నుంచే మెడికేర్‌లో చేరొచ్చు, పిల్లలకి ప్రభుత్వ బడి ఉచితం, చైల్డ్‌కేర్ సబ్సిడీకి అర్హత ఉంటుంది (మిగతా ప్రభుత్వ భత్యాలు కొన్నిటికి మాత్రం ఏళ్ల తరబడి ఆగాలి). కంపెనీ తీసుకొచ్చే 482 వీసా అయితే ఇవేవీ లేవు. ఆరోగ్య బీమా మీరే కొనుక్కోవాలి, చైల్డ్‌కేర్ సబ్సిడీ రాదు, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ప్రభుత్వ బడికి కూడా పిల్లకి ఏడాదికి కొన్ని వేల డాలర్లు ఫీజు కట్టాలి. బీమా ఖర్చు కంపెనీ ఇస్తుందేమో అడగండి, కొన్ని ఇస్తాయి.

చైల్డ్‌కేర్ తేడా ఎంత ఉంటుందో చూడండి. సిడ్నీలో రోజుకి 130 నుంచి 180 దాకా తీసుకుంటారు, సిటీ దగ్గరైతే ఇంకా ఎక్కువ. రోజుకి 150 అనుకుందాం, ఇద్దరు పిల్లల్ని వారానికి మూడు రోజులు వేస్తే 900 డాలర్లు. 482 మీద ఉన్న వాళ్ళకి ఆ 900 మొత్తం జేబులోంచే. అదే పీఆర్ ఉండి, ఇంట్లో ఒక్కరి జీతం 1,30,000 అయితే సబ్సిడీ దాదాపు 81 శాతం వస్తుంది, రెండో బిడ్డకి ఇంకా ఎక్కువ, మొత్తం కలిపి వారానికి 110-170 మధ్య సర్దుకుంటుంది. సెంటర్ గంటకి ఎంత తీసుకుంటుందన్నదాన్నిబట్టి అటూ ఇటూ అవుతుంది, ఎందుకంటే సబ్సిడీకి గంట రేటు మీద ఒక పరిమితి ఉంది. 2026 జనవరి నుంచి తల్లిదండ్రులిద్దరూ పనిచేయకపోయినా రెండు వారాలకి 72 గంటల దాకా సబ్సిడీ ఇస్తున్నారు, అంటే వారానికి మూడు రోజులు. ఉద్యోగం వెతుక్కునే తల్లికి ఇది పెద్ద ఊరట, మా కాలంలో లేదు.

మావాడిది 482. అంటే మరదలికి ఉద్యోగం దొరికేదాకా పిల్లలిద్దరూ ఇంట్లోనే. ఆ అమ్మాయి మొదటి ఆరు నెలలు ఏ వీధిలో, ఏ గోడల మధ్య గడుపుతుందన్నదే అసలు ప్రశ్న. వాడి షీటులో దానికి గడి లేదు!

పర్రమాటా చుట్టుపక్కల

వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, పెండిల్ హిల్, టూన్‌గాబీ, హారిస్ పార్క్, పర్రమాటా. సిడ్నీకి పడమటి వైపు, తెలుగువాళ్ళు ఎక్కువగా మొదట దిగే చోటు ఇదే. రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు వారానికి 550 నుంచి 700 మధ్య దొరుకుతుంది, కొత్త బిల్డింగ్ లిఫ్టుతో అయితే పై అంచు, పాత ఎర్ర ఇటుకల మూడంతస్తుల వాటిలో అయితే కింది అంచు. పర్రమాటా, వెస్ట్‌మీడ్ నుంచి సెంట్రల్ స్టేషన్‌కి ఫాస్ట్ ట్రైన్ అయితే అరగంట అటూ ఇటూ. పిల్లల పెద్దాసుపత్రి వెస్ట్‌మీడ్‌లోనే ఉంది. మా చిన్నదానికి అర్ధరాత్రి ఊపిరి ఆడక అక్కడికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు పది నిమిషాల్లో చేరాం, అప్పటికి మేం ఈ పక్కకి మారిపోయాం కాబట్టి సరిపోయింది.

వెంట్‌వర్త్‌విల్ స్టేషన్ దగ్గర మన సరుకుల కొట్లు, దోసెల హోటళ్ళు నడిచి వెళ్ళే దూరంలో ఉంటాయి. హారిస్ పార్క్ విగ్రమ్ వీధి సాయంత్రం పూట మన ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది, పార్కింగ్ దొరకకపోవడంతో సహా. మేస్ హిల్‌లో మురుగన్ గుడి ఉంది, వేంకటేశ్వరస్వామి గుడికి మాత్రం ఎక్కడున్నా హెలెన్స్‌బర్గ్ దాకా కారులో పోవాల్సిందే, ఈ పక్క నుంచి గంట పైనే. పర్రమాటా పార్కులో పిల్లల్ని వదిలేస్తే రెండు గంటలు గడిచిపోతాయి. 2024 డిసెంబర్‌లో వెస్ట్‌మీడ్ నుంచి కార్లింగ్‌ఫోర్డ్‌కి లైట్ రైల్ (ట్రామ్) కూడా వచ్చింది. ఒపల్ కార్డు (రైలు, బస్సు చార్జీల కార్డు) మీద వారానికి 50 డాలర్లు దాటితే ఆ వారం ఇక చార్జీ పడదు, నాలుగేళ్ల లోపు పిల్లలకి అసలే టికెట్ లేదు, కాబట్టి కారు లేకుండా ఆరు నెలలు హాయిగా లాగొచ్చు.

బాగోలేనివీ చెప్పాలి. పాత ఫ్లాట్లలో చలికాలం బూజు పడుతుంది. ఇన్‌స్పెక్షన్‌కి, అంటే ఇల్లు చూడ్డానికి, వెళ్ళినప్పుడు బాత్‌రూమ్ సీలింగు, అల్మారాల వెనక గోడలు చూడండి, కొత్తగా రంగు వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. లిఫ్టు లేని మూడో అంతస్తు తీసుకుంటే ప్రామ్ (పిల్లల తోపుడు బండి), సరుకులు, నిద్రపోతున్న బిడ్డ, మూడూ ఒకేసారి మోయాలి. కింద ఫ్లాటులో ఉన్నవాళ్ళు మీ పిల్లాడి పరుగులకి ఫిర్యాదు పెడతారు, పెట్టకపోతే మీ అదృష్టం. చైల్డ్‌కేర్‌లో, ముఖ్యంగా రెండేళ్ల లోపు పిల్లలకి, వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉంటుంది, ఇండియాలో ఉండగానే నాలుగైదు చోట్ల పేరు రాయించేయండి.

స్కోఫీల్డ్స్, టల్లావాంగ్, మార్స్‌డెన్ పార్క్, బాక్స్ హిల్

సిటీకి దూరంగా, వాయువ్యం వైపు ఉన్న ఈ కొత్త పేటల్లో నాలుగు బెడ్‌రూమ్‌ల కొత్త ఇల్లు, గ్యారేజీ, చిన్న పెరడు, వారానికి 750 నుంచి 900. ఫోటోలు చూస్తే ఎవరికైనా మనసు లాగేస్తుంది, మాకూ లాగింది. సందుకి నలుగురు తెలుగువాళ్ళు ఉంటారు, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు, అన్నీ ఉంటాయి. కొత్త చైల్డ్‌కేర్‌లు వరసగా తెరుస్తుంటారు కాబట్టి నేను చూసినంతలో సీటు దొరకడం ఈ పక్కే కాస్త తేలిక. ప్రభుత్వ బళ్ళు మాత్రం జనానికి సరిపోక, ఆవరణలో రేకుల గదులు వేసి నడుపుతున్న చోట్లు ఉన్నాయి.

మేం దిగింది ఈ పక్కే. మా ఆయన పొద్దున్న ఏడింటికి కారు తీసుకుని స్టేషన్‌కి వెళ్తే రాత్రి ఏడు దాటాక వచ్చేవాడు. నాకు ఇక్కడి లైసెన్సు లేదు. దగ్గరి కొట్టుకి నడిస్తే పాతిక నిమిషాలు, దారి పొడుగునా ఒక్క చెట్టు లేదు, అన్నీ నిన్నగాక మొన్న నాటిన మొక్కలు. జనవరి ఎండ. రామగుండం ఎండలు చూసినదాన్నే, అయినా ఈ ఎండ వేరు, చర్మం మీద సూదులు గుచ్చినట్టుంటుంది. పడమటి సిడ్నీకి సముద్రపు గాలి చేరదు, 2020 జనవరి 4న పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. చంటిపిల్లని ప్రామ్‌లో పెట్టుకుని ఒకసారి పాలకోసం బయల్దేరి సగం దారిలో వెనక్కి వచ్చేశాను. ఆ సాయంత్రం మా ఆయనతో గొడవ. విషయం పాలు కాదని ఇద్దరికీ తెలుసు, అయినా పాల గురించే అరుచుకున్నాం.

కాబట్టి ఈ పక్క ఇల్లు అంటే రెండు కార్లు, రెండు లైసెన్సులు అని లెక్క వేసుకోవాలి. ఇండియా లైసెన్సుతో కొంతకాలం నడపొచ్చు గానీ, పీఆర్ వాళ్ళు మూడు నెలల్లో, టెంపరరీ వీసా వాళ్ళు ఆరు నెలల్లో ఇక్కడి లైసెన్సుకి మారాలి, మనవాళ్ళకి రాత పరీక్ష, డ్రైవింగ్ టెస్టు రెండూ తప్పవు. మొదటిసారి ఫెయిలయ్యే వాళ్ళు బోలెడుమంది. పదిహేనేళ్లు హైదరాబాద్‌లో నడిపినవాళ్ళు ముందు ఫెయిలవుతారు, భుజం మీదుగా తిరిగి చూడటం అలవాటు లేక. రెండో కారు కొన్న డబ్బు పక్కన పెట్టినా రిజిస్ట్రేషన్, బీమా, పెట్రోలు, సర్వీసు కలిపి వారానికి వంద సులువుగా దాటుతుంది, మోటర్‌వే టోల్ వేరే. అదనంగా ఆ వంద, అద్దెలో ఇంకో వంద రెండు వందలు, మీకు దక్కింది మాత్రం వాడని రెండు గదులు.

ఇక్కడికే రావాలనుకుంటే టల్లావాంగ్, రౌస్ హిల్ మెట్రో స్టేషన్లకి నడిచే దూరంలో చూడండి. 2024 ఆగస్టు నుంచి మెట్రో సిటీ గుండా సిడెన్‌హమ్ దాకా నేరుగా పోతోంది, మాక్వారీ పార్క్‌లో ఉద్యోగమైతే అరగంటలో దిగిపోతారు. మార్స్‌డెన్ పార్క్, బాక్స్ హిల్‌కి ఇంతవరకూ రైలే లేదు.

హార్న్స్‌బీ, ఎప్పింగ్, చాట్స్‌వుడ్ వైపు

రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు 700 నుంచి 850, చాట్స్‌వుడ్‌లో ఆ పైన కూడా. చెట్లుంటాయి, ఎండ కాస్త తక్కువ, రైలు బాగుంటుంది, నార్త్ సిడ్నీ, మాక్వారీ పార్క్ ఉద్యోగాలకి దగ్గర. హార్న్స్‌బీ, వైటారాలో మనవాళ్ళు బాగానే ఉన్నారు. ఆఫీసు అటువైపు ఉండి, వారానికి నాలుగు రోజులు వెళ్ళాల్సి ఉంటే నేనైతే ఈ ఎక్కువ అద్దె కట్టేదాన్ని. రోజూ మిగిలే గంట పిల్లల స్నానం, అన్నం టైముకి పనికొస్తుంది.

కానీ రెండేళ్ల పిల్లాడిని పెట్టుకుని ‘బడుల కోసం’ అని ఇక్కడికి వచ్చేవాళ్ళని చూస్తే నాకు అర్థం కాదు. ప్రభుత్వ ప్రాథమిక బడిలో సీటు మీ ఇంటి అడ్రసుని బట్టి వస్తుంది, నిజమే, అడ్రసు కొట్టి ఏ బడి వస్తుందో చూసుకునే సైట్ కూడా ఉంది. అందరూ చెప్పుకునే ఆపర్చునిటీ క్లాస్ (బాగా చదివే పిల్లల ప్రత్యేక తరగతి) పరీక్ష నాలుగో తరగతిలో, జేమ్స్ రూస్, గిర్రవీన్ లాంటి సెలెక్టివ్ (పరీక్ష పెట్టి చేర్చుకునే) హైస్కూళ్ళ పరీక్ష ఆరో తరగతిలో. వాటికి అడ్రసుతో పనిలేదు. మీవాడు ఇంకా డైపర్‌లోనే ఉన్నాడు, అప్పటికి మీరు నాలుగు ఇళ్ళు మారతారు.

లివర్‌పూల్, ఎడ్మండ్సన్ పార్క్ వైపు కూడా మనవాళ్ళు పెరుగుతున్నారు, నేను అక్కడ ఉండలేదు కాబట్టి వదిలేస్తున్నా. ఇక సముద్రం పక్కన ఫ్లాటు అంటారా, ఆదివారం రైలెక్కి వెళ్ళి చూసి రండి.

అసలు మెల్‌బోర్న్ ఎందుకు కాదు?

ఆఫర్ రెండు ఊళ్ళలోనూ తీసుకోవచ్చంటే, ఇద్దరు చిన్నపిల్లలున్న 482 కుటుంబానికి నా ఓటు మెల్‌బోర్న్‌కే. సిడ్నీలో కూర్చుని ఇలా రాస్తున్నందుకు మా వాట్సాప్ గ్రూపులో నన్ను తిడతారు, అయినా సరే. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు నాలుగు బెడ్‌రూమ్‌ల ఇల్లు వారానికి 500 అటూ ఇటూ దొరుకుతుంది, అంటే వెంట్‌వర్త్‌విల్ ఫ్లాటు కంటే తక్కువకి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో 482 వాళ్ళ పిల్లలకి ఫీజు లేదు. తర్వాత సొంతిల్లు కొనాలన్నా, ఇల్లు సిడ్నీలో సగటున 15 లక్షల డాలర్లు దాటిపోయింది, మెల్‌బోర్న్‌లో 10 లక్షల దగ్గర ఉంది. (482 మీద ఉంటూ ఈ దేశంలో ఇదివరకే కట్టి ఉన్న ఇల్లు కొందామనుకునే వాళ్ళకి, 2025 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా అది కుదరదు, టెంపరరీ వీసా వాళ్ళకి నిషేధం ఉంది.)

అయితే నేను పైన స్కోఫీల్డ్స్ గురించి చెప్పిన కష్టమే టార్నీట్‌కీ ఉంది, అక్కడా కారు లేనిదే కాలు కదపలేరు. టార్నీట్‌కి వచ్చేది వీలైన్ (V/Line) అనే ప్రాంతీయ రైలు, పొద్దున్న పూట నిలబడ్డానికే చోటుండదని అక్కడున్న మా స్నేహితురాలు రోజూ మొత్తుకుంటుంది. చలి ఎక్కువ, ఇళ్ళల్లో చలి ఇంకా ఎక్కువ, ఈ దేశంలో ఇళ్ళు చలికి కట్టరు. ఉద్యోగం పోతే 482 వాళ్ళు 180 రోజుల్లోపు ఇంకో కంపెనీ చూసుకోవాలి, కాబట్టి మీ రంగంలో ఏ ఊళ్ళో కంపెనీలు ఎక్కువో అది కూడా చూడండి. బ్యాంకుల ఐటీ అయితే సిడ్నీలో అవకాశాలు కాస్త ఎక్కువ.

ఒక చిన్న గందరగోళం చెప్పాలి. సిడ్నీలో ‘కిండీ’ అంటే బడిలో మొదటి ఏడాది, జులై 31 లోపు అయిదేళ్లు నిండే పిల్లలు ఆ ఏడాది చేరొచ్చు. మెల్‌బోర్న్‌లో ‘కిండర్’ అంటే బడికి ముందుది, బడిలో మొదటి ఏడాదిని ‘ప్రెప్’ అంటారు, దానికి ఏప్రిల్ 30 లోపు అయిదు నిండాలి. మే, జూన్, జులైలో పుట్టిన పిల్లలకి ఊరు మారితే ఏడాది తేడా వచ్చేస్తుంది.

అందరూ ఒకేసారా, ముందు ఒక్కరా?

ముందు ఒక్కరు. కానీ ఆరు వారాలకి మించకుండా. ఇల్లు దొరకాలంటే శనివారాలు వరసగా ఇన్‌స్పెక్షన్లకి తిరగాలి, ఒక్కోటి పదిహేను నిమిషాలు, ముప్పై మంది లైన్లో ఉంటారు, ఇద్దరు పిల్లల్ని వేసుకుని అది చేయడం నరకం. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇక్కడి అద్దె చరిత్ర ఉండదు కాబట్టి ఆఫర్ లెటర్, బ్యాంకు బ్యాలెన్సు, హైదరాబాద్ ఇంటి ఓనరు రాసిచ్చిన ఉత్తరం, ఏదుంటే అది జత చేయండి. ఇల్లు లోపలికి వెళ్ళి చూడకుండా ఎవరికీ డబ్బు పంపొద్దు. మాకు తెలిసిన ఒకాయన ఫోటోలు చూసి రెండు వేలు పంపాడు, ఆ ఇంట్లో వేరే కుటుంబం ఎప్పటి నుంచో ఉంటోంది.

న్యూ సౌత్ వేల్స్‌లో బాండ్ (డిపాజిట్) నాలుగు వారాల అద్దెకి మించి అడగకూడదు, అడ్వాన్సు రెండు వారాలు. 650 అద్దెకి ఆ మొదటి రోజే 3,900 కావాలి. మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మొదటి జీతం వచ్చేదాకా తిండి, ఇవన్నీ కలిపితే నా లెక్కలో 15 వేల డాలర్లు చేతిలో లేకుండా కుటుంబాన్ని తీసుకురావద్దు. అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలని, కారణం లేకుండా ఖాళీ చేయించకూడదని ఇప్పుడు చట్టం వచ్చింది, మేం వచ్చినప్పుడు అదీ లేదు.

ఏ నెలలో రావాలి? డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా ఈ దేశం నిద్రపోతుంది, ఏజెంట్లు ఫోన్ ఎత్తరు. చైల్డ్‌కేర్‌లలో సీట్లు ఖాళీ అయ్యేది జనవరి చివర్లో, పెద్ద పిల్లలు బడికి వెళ్ళిపోతారు కాబట్టి. అక్టోబర్‌కల్లా వచ్చి లిస్టులో ఉంటే మంచిది. చైల్డ్‌కేర్‌లో వేశాక మొదటి ఏడాది పిల్లలకి జలుబు, జ్వరం ఆగకుండా వస్తాయి, జ్వరం రాగానే ఫోన్ చేసి తీసుకెళ్ళమంటారు, మీకేమో ఏడాదికి పది రోజులే సిక్ లీవ్. ఆఫీసు దగ్గరా, చైల్డ్‌కేర్ దగ్గరా అన్నప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత బడి మొదలైతే ఏడాదికి దాదాపు 12 వారాలు సెలవులు, మనకి ఉండేది నాలుగు వారాలు.

అందుకే అందరూ అమ్మానాన్నల్ని పిలిపిస్తారు. విజిటర్ వీసా మీద వస్తారు, ఒక్కోసారి ఏడాది దాకా కూడా ఉండనిస్తారు, వాళ్ళకి ఆరోగ్య బీమా తీసుకోవడం మర్చిపోవద్దు. మా అత్తయ్యగారు ఆ మొదటి ఇంటికి వచ్చినప్పుడు రెండో నెలకే “టికెట్ ముందుకి జరపమ్మా” అన్నారు. మారాక, వెంట్‌వర్త్‌విల్ దగ్గర ఇరుకు ఫ్లాటులో అయిదు నెలలు ఉన్నారు. సాయంత్రం పాపని తీసుకుని స్టేషన్ దాకా నడిచేవారు, కొట్టు దగ్గర ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళు కలిసేవారు, ఒకావిడది తెనాలి, మా అత్తయ్యగారికి దూరపు చుట్టం అని కూడా తేల్చేశారు.

మావాడు చివరికి వెంట్‌వర్త్‌విల్‌లో ఒకటో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటుకి అప్లికేషన్ పెట్టించమన్నాడు, వారానికి 620, స్టేషన్‌కి ఏడు నిమిషాల నడక. మా ఆయన వెళ్ళి చూసి, బాత్‌రూమ్ సీలింగు ఫోటో తీసి మరీ పంపాడు. నిన్న మళ్ళీ ఫోన్ చేసి “అక్కా, పిల్లలకి కారు సీట్లు ఇక్కడ సగం ధరకే వచ్చాయి, రెండు కొనేశా” అన్నాడు. తిరిగి ఇచ్చెయ్యమన్నాను, ఆస్ట్రేలియా ప్రమాణం ముద్ర లేని సీటు ఇక్కడ చెల్లదు. ఆ సూట్‌కేసు జాగాలో కుక్కర్ గ్యాస్కెట్లు నాలుగు ఎక్కువ పెట్టుకోమని, పిల్లల టీకాల కార్డులు మాత్రం చేతి సంచిలోనే ఉంచుకోమని చెప్పాను, ఇక్కడి డాక్టరు వాటిని చూసి టీకాల రిజిస్టర్‌లో ఎక్కించనిదే ఏ చైల్డ్‌కేరూ చేర్చుకోదు. మరదలు పక్కనుంచి “కార్డు మీద తేదీలు సగం చెరిగిపోయాయి వదినా” అంది. ఈ వారమే ఆసుపత్రికి వెళ్ళి కొత్తగా రాయించుకుని రావాలట.